తూర్పు కోడెకు తీర్పరి రైతే
కురుమూర్తి జాతర సంతలో పొడ పశువుల పరీక్ష

కొల్లాపూర్: పట్నాల్లో గుర్రాల ప్రదర్శన జరిగితే మైదానం చుట్టూ తాడు కడతారు. జాతి సంఘం వారు ఒక న్యాయనిర్ణేతను పిలిపిస్తారు. ఆయన గుర్రాన్ని నిలబెట్టి చూసి, నడిపించి చూసి, మెచ్చినదాని మెడకు రిబ్బను కట్టిస్తాడు. సాయంత్రానికి ఆ గుర్రం మళ్లీ యజమాని వెంట ఇంటికి పోతుంది. నల్లమల అంచున పుట్టి పెరిగే పొడ తూర్పు కోడెకు కూడా ఏటా ఇటువంటి పరీక్ష ఒకటి వుంది. తాడు, రిబ్బను మాత్రం వుండవు. నోరు తెరిపించి పళ్లు చూసే రైతే అక్కడ న్యాయనిర్ణేత. మెచ్చిన సంగతి అతడు నోటితో చెప్పడు, నడుముకు కట్టుకొచ్చిన డబ్బు విప్పి చెబుతాడు. అతడు మెచ్చిన కోడె సాయంత్రానికి కొత్త ఊరికి బయలుదేరుతుంది. మెచ్చనిది వచ్చిన దారినే అడవికి తిరిగి పోవాలి.

ఈ పరీక్ష దీపావళి వెళ్లాక, కార్తీక మాసంలో, కురుమూర్తి స్వామి జాతరలో జరుగుతుంది. అమ్రాబాద్, అచ్చంపేట అడవులలోను, కృష్ణ ఒడ్డు వెంబడి నల్లమల అంచు పల్లెలలోను మందలు కాసే వారికి ఏడాది రాబడిలో పెద్ద భాగం తేలేది ఇక్కడే. ఏటి పొడుగునా ఎండలో, వానలో మంద వెంట తిరిగిన కష్టానికి కూలి గిట్టిందా లేదా అన్నది ఈ సంతలో తెలిసిపోతుంది.

పేరు పెట్టింది కొనేవారే

పొడ అంటే మచ్చ. తెల్లని ఒంటి మీద ఎర్రని మచ్చలు చల్లినట్లు వుంటాయి. కొన్నింటికి ఎర్రని ఒంటి మీద తెల్లని మచ్చలు వుంటాయి. దూరం నుంచి చూస్తే చెట్టు నీడ పడి ఎండ మచ్చలు తేలినట్లే కనిపిస్తుంది. అడవిలో పొదల మధ్య నిలబడితే పశువును ఆనవాలు పట్టడం కష్టం.

తూర్పు అనే మాట కొనేవారి నోట పుట్టింది. మక్తల్, నారాయణపేట, గద్వాల వైపు రైతులకు, రాయచూరు సరిహద్దు పల్లెల వారికి నల్లమల తూర్పు దిక్కున వుంది. తూర్పు నుంచి వచ్చిన గొడ్లు గనుక తూర్పు గొడ్లు అన్నారు. కాసే వారు మచ్చను బట్టి పొడ అన్నారు. రెండూ కలిసి పొడ తూర్పు అయింది. పెంచేవాడి మాట సగం, కొనేవాడి మాట సగం కలిసిన ఈ పేరులోనే దీని చరిత్ర కూడా వుంది.

ఒంగోలు ఎద్దు పక్కన నిలబెడితే పొడ కోడె చిన్నదిగానే కనిపిస్తుంది. ఒళ్లు మట్టసం, కాళ్లు గట్టివి, గిట్టలు రాయి వంటివి. కొమ్ములు నిటారుగా లేస్తాయి. రాళ్ల నేలలో, గుట్టల దారిలో తడబడకుండా నడుస్తుంది. నీళ్లు దొరకని పూట కూడా ఓర్చుకుంటుంది. దాణా అడగదు, అడవిలో మేసిన మేతతోనే బతుకుతుంది. ఆవు పాలు పూటకు లీటరు, లీటరున్నర దాటితే గొప్ప. అందుచేత దీనిని పాల కోసం ఎవరూ అడగరు. అడిగేదల్లా కాడి కోసమే.

స్వామి పాదరక్షలు, రైతు కాడి

కురుమూర్తి క్షేత్రం మహబూబ్‌నగర్ జిల్లా చిన్నచింతకుంట మండలం అమ్మాపురం దగ్గర గుట్టల నడుమ వెలసింది. సికిందరాబాదు నుంచి కర్నూలు పోయే రైలు మార్గంలో స్వామి పేరు మీద స్టేషను కూడా వుంది. కార్తీక శుద్ధ పాడ్యమి నుంచి ఉత్సవాలు మొదలవుతాయి. ఆత్మకూరు నుంచి స్వామి ఆభరణాలు ఊరేగింపుగా వస్తాయి. సప్తమి నాడు ఉద్దాల ఉత్సవం జరుగుతుంది. ఉద్దాలంటే తోలుతో చేసిన స్వామి పాదరక్షలు. వడ్డెమానులో దళిత కుటుంబాల వారు నిష్ఠతో వీటిని తయారు చేస్తారు. వేలాది మంది నడుమ అవి గుట్టకు తరలి వస్తాయి. ఉద్దాలతో వీపు తట్టించుకొంటే మేలు జరుగుతుందని భక్తుల నమ్మకం.

జాతర దాదాపు నెల రోజులు సాగుతుంది. వానాకాలపు పంట చేతికి వచ్చే రోజులు గనుక రైతు దగ్గర నాలుగు రూకలు ఆడుతుంటాయి. యాసంగి దుక్కులు ముందున్నాయి గనుక కాడి అవసరమూ వుంటుంది. పశువుల సంతకు ఇంతకంటే మంచి అదను వుండదు. పెద్దలు దేవుని పేరు మీద పెట్టిన ముహూర్తం పంటల లెక్కకు కూడా సరిగ్గా సరిపోయింది.

తెల్లవారు జామున

సంతకు పొద్దు పొడవక ముందే పని మొదలవుతుంది. వెనుకటి రోజుల్లో కోడెలను కాలినడకనే తోలుకొచ్చేవారు. రోజుల తరబడి నడిచి, రాత్రి ఏ ఊరి చెరువు కట్ట మీదనో విడిది చేసి, దారిలో దొరికిన మేత మేపుకొంటూ వచ్చేవారు. ఆ నడకే కోడెకు మొదటి పరీక్ష. కుంటిది, ఊపిరి చాలనిది సంత దాకా చేరేది కాదు. ఇప్పుడు లారీలు, డీసీఎం బండ్లు వచ్చాయి. కోడె అలసిపోకుండా దిగుతుంది. దాని నడక సత్తువ ఎంతో తెలుసుకొనే పని మాత్రం కొనేవాడి మీద పడింది.

బండి దిగిన కోడెలు మొదట బెదురుతాయి. అడవిలో మంద నడుమ పెరిగినవి గనుక ముక్కుకు తాడు ఎరుగవు. కొత్త మనిషి దగ్గరకు వస్తే చెవులు రిక్కించి కొమ్ము తిప్పుతాయి. కాపరి గొంతు వింటేనే సద్దుమణుగుతాయి. అందుకే మందతో పాటు కాపరి కుటుంబంలో కనీసం ఇద్దరు వస్తారు. ఒకరు బేరం చూస్తే మరొకరు గొడ్ల దగ్గర వుండాలి. నీళ్లు పెట్టడం, దుమ్ము దులపడం, పలుపు వేసి వరుసగా కట్టడం పొద్దెక్కక ముందే ముగించాలి.

ఈ కాపరుల్లో ఎక్కువ మంది లంబాడా తండాల వారు. గొల్లలు, ఇతర కులాల వారు కూడా వున్నారు. వారి మందలు పదులతో లెక్క తేలవు. ఒక్కొక్క ఇంటికి యాభై, వంద పశువులు వుండడం అక్కడ వింత కాదు.

పళ్లు, గిట్టలు, సుడులు

పొద్దెక్కే సరికి కొనేవారు దిగుతారు. మంచి రైతు వచ్చీ రాగానే కోడె మీద చెయ్యి వేయడు. ముందు వరుస పొడుగునా ఒకసారి నడుచుకొంటూ పోతాడు. మనసులో నాలుగింటిని గుర్తు పెట్టుకొని, మళ్లీ వెనక్కు వచ్చి ఒక్కొక్కదాని దగ్గర ఆగుతాడు.

మొదటి పరీక్ష పళ్లది. కోడె నోరు తెరిపించి కింది పళ్లు చూస్తారు. పశువుకు ముందు వైపు పై పళ్లు వుండవు. కిందివి ఎనిమిది. అన్నీ పాల పళ్లయితే కోడె ఇంకా పసిది. నడిమి రెండు రాలి పెద్ద పళ్లు వస్తే రెండు పళ్ల కోడె. సుమారు రెండు, మూడేళ్ల నడుమ ఇది జరుగుతుంది. తరువాత నాలుగు, ఆరు, చివరకు ఎనిమిది పళ్లు కడితే నిండు ఎద్దు అయినట్లు. అమ్మేవాడు వయసు ఎంత చెప్పినా పళ్లు అబద్ధం చెప్పవు. నల్లమల కోడెలు ఎక్కువగా రెండు పళ్ల లోపు వయసులోనే సంతకు వస్తాయి.

రెండవది కాళ్లు, గిట్టలు. గిట్టల నడుమ సందు ఎక్కువుంటే రాళ్లు చిక్కుకొంటాయి. ముందు నుంచి చూస్తే కాళ్లు స్తంభాల మాదిరి నిలవాలి. వెనక నుంచి చూస్తే మడమలు ఒకదానికొకటి రాసుకోకూడదు. కోడెను నాలుగడుగులు నడిపించి, ముందు కాలు వేసిన చోటికి వెనక కాలు వస్తున్నదా అని చూస్తారు. అడుగు సాగితేనే నాగలి సాగుతుంది.

మూడవది మెడ, మూపురం. కాడి నిలిచేది అక్కడే. మెడ కురచగా, నిండుగా వుండాలి. మూపురం బిగువుగా వుండాలి, పక్కకు వాలకూడదు. గంగడోలు మరీ వేలాడితే బరువు అంటారు. తోక సన్నగా, కుచ్చు నల్లగా వుంటే మెచ్చుకొంటారు.

ఆఖరున సుడులు. ఒంటి మీద వెంట్రుకలు తిరిగిన చోటును బట్టి ఇంటికి మంచిది, కానిది అని లెక్కలు చెబుతారు. చదువుకొన్న కుర్రకారు నవ్వవచ్చు. కాని సుడి బాగులేదంటే ఎంతటి కోడెకైనా ధర తగ్గిపోతుంది. అమ్మేవానికి కూడా ఆ సంగతి తెలుసు. అందుకే అటువంటి దాన్ని వరుసలో నడుమ కడతాడు.

ఒంటి కోడె నచ్చినంతలో పని కాదు. దానికి జత కుదరాలి. ఎత్తుకు ఎత్తు, అడుగుకు అడుగు, పొడకు పొడ కలవాలి. ఎలపట, దాపట కట్టినప్పుడు ఒకటి ముందుకు, మరొకటి వెనుకకు లాగితే దుక్కి వంకర పోతుంది. రెండు వేర్వేరు మందల్లో ఈడూ జోడూ సరిపోయిన కోడెలు దొరికితే రైతు రెండు బేరాలూ ఒకేసారి నడపాలి. మొదటిది కొన్నాడని తెలిస్తే రెండవ కాపరి ధర పెంచేస్తాడు.

తువ్వాలు కింద బేరం

ధర బయటికి అరవడం సంత పద్ధతి కాదు. ఇద్దరి చేతుల మీద తువ్వాలు కప్పుతారు. వేళ్లు పట్టుకొని నొక్కడంలో లెక్క వుంటుంది. చుట్టూ పదిమంది నిలబడినా ఎంత అడిగారో, ఎంతకు దిగారో తెలియదు. నడుమ దళారి వుంటాడు. అతనికి రెండు వైపుల నుంచీ ముట్టేది ముడుతుంది. బేరం తెగితే పలుపు చేతికి ఇస్తారు. డబ్బు పూర్తిగా లేకపోతే బయానా ఇచ్చి గడువు పెడతారు. మళ్లీ ఏడు జాతరకు వచ్చి బాకీ తీర్చేవారూ వున్నారు. అటువంటి నమ్మకం ఒక కాపరికీ ఒక ఊరికీ నడుమ తండ్రుల కాలం నుంచి సాగుతూ వస్తుంది.

కొన్న రైతుకు అసలు పని ఇంటికి పోయాక మొదలవుతుంది. కోడెకు ముక్కు కుట్టించి తాడు వేయాలి. వృషణాలు నొక్కించాలి. మచ్చిక చేయాలి. పాత ఎద్దుకు జత కట్టి ఖాళీ కాడితో నడిపించి, తరువాత గుంటుక, ఆ తరువాత నాగలి పట్టించాలి. నారాయణపేట, మక్తల్ వైపు కొందరు రైతులకు ఇదే ఒక రాబడి. చిన్న కోడెలను కొని, సాకి, పని నేర్పి, నిండు పళ్లు కట్టాక మంచి ధరకు అమ్ముతారు. ఆ నడుమ ఏళ్లలో తమ చేను దున్నుకొన్న లాభం వేరే వుంటుంది.

సంతలో కొన్న పశువును తెచ్చిన రోజే ఇంటి గొడ్లలో కలపరాదు. రెండు, మూడు వారాలు విడిగా కట్టి చూడాలి. గాలికుంటు వంటి వ్యాధి పైకి కనిపించడానికి రోజులు పడుతుంది. గాలికుంటు, గొంతువాపు, జబ్బవాపు టీకాలు పడ్డాయో లేదో అడిగి తెలుసుకోవాలి. పడలేదంటే దగ్గరలోని పశువుల డాక్టరును కలిసి వేయించుకోవాలి.

కోడె వెనుక ఏడాది

సంతలో నిలబడిన కోడె వెనుక పెద్ద తిరుగుడు వుంది. వానలు పడగానే అడవి పచ్చబడుతుంది. మందలు లోపలికి పోతాయి. రాత్రికి ముళ్ల కంపతో దొడ్డి కట్టి, నెగడు వేసి, కుక్కలను కాపలా పెట్టి కాపరులు అక్కడే పడుకొంటారు. చిరుత, పెద్దపులి భయం ఎప్పుడూ వుండేదే. పంటలు కోసిన తరువాత మందలు పల్లెలకు దిగుతాయి. రైతు చేనులో రాత్రిళ్లు మందను ఆపితే పెండ, పంచితం నేలకు పడతాయి. అందుకు రైతు డబ్బో, గింజలో ఇస్తాడు. ఎరువుల బస్తాల కాలంలో కూడా మంద నిలిచిన చెలక రెండు, మూడు పంటల దాకా బలం చూపిస్తుందని తెలిసిన వారు ఈ పద్ధతిని వదలలేదు.

ఎండాకాలం వచ్చాక చూపు కృష్ణ వైపు తిరుగుతుంది. శ్రీశైలం ప్రాజెక్టు నిండిన తరువాత, 1980ల మొదట్లో, కొల్లాపూర్ ప్రాంతంలో కృష్ణ ఒడ్డు ఊళ్లు అనేకం నీట మునిగాయి. సోమశిల, జటప్రోలు గుళ్లను ఎత్తు నేలకు తరలించారు. ఎండల్లో నీరు వెనుకకు తగ్గితే పాత పొలాలు మళ్లీ బయటపడతాయి. ఆ తడి నేలలో మొలిచే పచ్చిక ఏప్రిల్, మే నెలల్లో గొడ్లకు, గొర్రెలకు ప్రాణాధారం. మనుషులు పోగొట్టుకొన్న నేల అప్పుడు పశువులకు మేతగా మారుతుంది.

ఈ బతుకే జాతిని మలచింది. ఎవరూ పుస్తకంలో రాయలేదు, ఎవరూ కొలత పెట్టలేదు. మందలో ఏ కోడెను విత్తనపు ఆంబోతుగా ఉంచాలో కాపరి ఎంచుకొంటాడు. పోయిన ఏడు జాతరలో ఎటువంటి కోడెకు ధర పలికిందో అతనికి గుర్తుంటుంది. గట్టి గిట్ట, నిటారు కొమ్ము, చక్కని పొడ వున్నదానికి రైతు ఎక్కువ ఇచ్చాడు. కనుక అటువంటి దూడలు పుట్టించే ఆంబోతునే మందలో నిలిపాడు. ఇట్లా తరాల తరబడి పడమటి రైతు పెట్టిన ధర తూర్పు మందను దిద్దుతూ వచ్చింది. గుర్రాల సంఘాల వారు ప్రమాణాలు రాసుకొన్న కాగితం ఏ పని చేస్తుందో, ఇక్కడ తువ్వాలు కింద వేళ్లు ఆ పని చేశాయి.

కర్నాల్ నుంచి వచ్చిన గుర్తింపు

ఈ జాతికి కాగితం మీద పేరు దొరికింది 2020లో. హర్యానాలోని కర్నాల్‌లో జాతీయ పశు జన్యు వనరుల బ్యూరో వుంది. దేశంలో ఏ పశువు ప్రత్యేక జాతియో తేల్చి నమోదు చేసేది ఆ సంస్థే. పొడ తూర్పును దేశవాళీ ఆవు జాతుల పట్టికలో చేర్చింది. తెలంగాణ రాష్ట్రం నుంచి ఆ పట్టికకు ఎక్కిన మొదటి ఆవు జాతి ఇదే. అప్పటికి దేశంలో నమోదైన ఆవు జాతులు 50 అయ్యాయి.

ఈ గుర్తింపు ఊరికే రాలేదు. మందలు ఎక్కడెక్కడ వున్నాయో లెక్క తీయాలి. ఎత్తు, పొడుగు, కొమ్ము కొలవాలి. ఫొటోలు తీయాలి. తల్లి పొడ, దూడ పొడ తరతరాలుగా ఒకే తీరున దిగుతున్నాయని చూపించాలి. అమ్రాబాద్ ప్రాంతపు కాపరులు అమ్రాబాద్ పొడలక్ష్మి గోవు సంఘంగా ఏర్పడ్డారు. వాసన్ అనే స్వచ్ఛంద సంస్థ వారికి అండగా నిలిచింది. గుర్రాలకు, కుక్కలకు పట్నాల్లో వున్న జాతి సంఘాల వంటిదే ఈ సంఘం కూడా. తేడా ఒక్కటే. ఆ సంఘాల్లో సభ్యులకు పశువు సరదా. ఈ సంఘంలో సభ్యులకు పశువే కూడు.

గుర్రం చెప్పే పాఠం

పని పోయిన పశువు గతి ఏమవుతుందో దక్కను గుర్రం చెబుతుంది. మహారాష్ట్రలో భీమా నది లోయలో పెరిగిన భీమ్‌థడీ గుర్రాలు ఒకనాడు మరాఠా దండుల్లో పేరు మోశాయి. పొట్టివైనా ఎంత దూరమైనా నడిచేవి, గడ్డి తినే బతికేవి. దండులు పోయాయి. రాజులకు, దొరలకు పెద్ద గుర్రాల మీద మోజు పెరిగింది. ఆ చిన్న గుర్రాన్ని అడిగేవారు లేకపోయారు. అయినా అది పూర్తిగా అంతరించలేదు. గొర్రెల మందలతో ఊరూరూ తిరిగే ధన్‌గర్ కాపరులకు తట్టా బుట్టా, వంట సామాను, పిల్లలను మోయడానికి గుర్రం కావలసి వచ్చింది. వారి దగ్గర అది మిగిలింది. ఇటీవలనే కర్నాల్ బ్యూరో దానిని కూడా జాతిగా గుర్తించింది. రాజు వదిలిన గుర్రం గొర్రెల కాపరి దగ్గర బతికింది, అతని దగ్గర దానికి పని వుంది గనుక.

ఒంగోలు ఎద్దు సంగతి మరొక తీరు. అది సముద్రం దాటి బ్రెజిల్ చేరింది. అక్కడ నెల్లూరు పేరు మీద నెలోర్ అని పిలిచి, 1938 నుంచే వంశావళి పుస్తకాలు పెట్టి, ఏటా పెద్ద ప్రదర్శనలు జరిపి, కోట్ల సంఖ్యలో పెంచుకొన్నారు. అయితే అక్కడ దాని పని కాడి కాదు, మాంసం. పుట్టిన గడ్డ మీద మాత్రం ఒంగోలు దుక్కిటెద్దు తగ్గుతూ వచ్చింది.

ట్రాక్టరు వచ్చాక

ఇప్పుడు పొడ తూర్పు ముందున్న చిక్కు ఇదే. దేశంలో మగ పశువుల సంఖ్య ఎంత వేగంగా పడిపోతున్నదో పశుగణన చూపిస్తుంది. 2012 గణనలో ఎద్దులు, కోడెలు, మగ దూడలు కలిపి సుమారు 6 కోట్ల 79 లక్షలు. 2019 గణన నాటికి సుమారు 4 కోట్ల 74 లక్షలకు దిగాయి. ఏడేళ్లలో మూడో వంతుకు దగ్గరగా తగ్గాయి. అదే కాలంలో ఆవులు పెరిగాయి. పాలకు గిరాకీ వుంది, కాడికి లేదు.

దుక్కి ట్రాక్టరుకు పోయింది. పత్తి, ఆముదం సాళ్ల నడుమ గుంటుక తోలడానికి ఇంకా ఎడ్లే కావాలి. ట్రాక్టరు చక్రం దూరని సాళ్లలో ఎద్దు గిట్ట దూరుతుంది. ఆ పని కూడా గడ్డి మందులకు, చిన్న యంత్రాలకు పోతున్నది. ఎకరం, రెండెకరాల రైతుకు ట్రాక్టరు కిరాయి భారమే అయినా, ఏడాది పొడుగునా జత ఎడ్లను మేపే మనిషి ఇంట్లో లేడు. కొడుకులు పట్నం పోయారు.

జెర్సీ సంకరం మందు కూడా ఈ జాతికి గొడ్డలి పెట్టు అవుతున్నది. సంకరపు మగ దూడకు మూపురం వుండదు, కాడి నిలవదు, ఎండకు తాళలేదు. పాల కోసం సంకరం చేసిన మందలో పుట్టే కోడె కురుమూర్తి సంతకు పనికిరాదు. అడవిలో బతకనూ లేదు.

మేత తగాదా

రెండవ చిక్కు మేతది. నల్లమలలో మందలు మేసే అడవి చాలా భాగం పులుల అభయారణ్యం. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం 1983లో ఏర్పడింది. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ వైపు భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యంగా వేరుపడింది. పులి బతకాలంటే జింక, దుప్పి వుండాలి. వాటికి మేత, నీరు మిగలాలి. పశువుల మందలు లోపలికి వస్తే మేత తగ్గుతుందని, రోగాలు అంటుతాయని అటవీ శాఖ అంటుంది. అందులో నిజం లేకపోలేదు.

కాపరుల వాదనలోనూ నిజం వుంది. అడవి హక్కుల చట్టం 2006లో వచ్చింది. అడవిలో స్థిరంగా వున్న వారికీ, కాలాన్ని బట్టి మందలతో తిరిగే వారికీ మేపుకొనే హక్కు ఆ చట్టంలో వుంది. హక్కు దానంతట అది రాదు. గ్రామసభ ద్వారా దరఖాస్తు పెట్టి, ఏ దారిన పోతారో, ఎక్కడ దొడ్డి కడతారో, ఎన్ని తరాలుగా పోతున్నారో చూపించుకోవాలి. మంద వెంట తిరిగే మనిషికి కాగితాల వెంట తిరిగే తీరిక దొరకదు. సంఘం ఉండవలసిన అవసరం ఇక్కడే కనిపిస్తుంది. ఒక్కడు అడిగితే వినని కచేరీ పదిమంది సంఘంగా పోతే కుర్చీ చూపిస్తుంది.

ఏ కాలంలో ఏ భాగంలో మేపవచ్చు, ఎన్ని పశువులు, ఏ టీకాలు వేసినవి అని ముందే మాట్లాడుకొంటే పులికీ పశువుకీ రెంటికీ దారి దొరుకుతుందన్నది కాపరుల వాదన. మేత దారి మూసుకుపోతే మంద అమ్ముకోవడం తప్ప గత్యంతరం వుండదు. మంద పోతే కర్నాల్ పట్టికలో పేరు మాత్రం మిగులుతుంది.

పొద్దు వాలాక

మధ్యాహ్నం దాటాక సంతలో చప్పుడు తగ్గుతుంది. అమ్మిన వారు పిల్లలకు గాజులు, బట్టలు, బెల్లం జిలేబి కొంటారు. గుట్ట ఎక్కి స్వామికి మొక్కు చెల్లిస్తారు. కొన్న వారు కోడెల మెడకు కొత్త పట్టెడ కట్టి, గంట కట్టి, బండి ఎక్కిస్తారు. బండి కదిలే ముందు కోడె ఒకసారి తన మంద వైపు అరుస్తుంది. ఆవు దగ్గర లేకపోయినా అరుస్తుంది. కాపరి అటు తిరిగి చూడడు. చూస్తే బేరం మీద మనసు పోతుందంటారు.

అమ్ముడు పోని కోడెల దగ్గర కూర్చున్న కాపరి లెక్కలు వేరు. ఇంకొక రెండు రోజులు ఆగితే మేత ఖర్చు. వెనక్కు తోలితే బండి కిరాయి. ఇంటికి పోతే పెండ్లి, బాకీ, పిల్లవాడి ఫీజు ఎదురు చూస్తున్నాయి. ఆ గంటలో మరొక రకం బేరగాళ్లు దిగుతారు. వారు నోరు తెరిపించి పళ్లు చూడరు. కొమ్ము చూడరు, నడక చూడరు, పొడ చూడరు. నాలుగు వైపులా తిరిగి బరువు ఎంత తూగుతుందో కంటితోనే అంచనా వేస్తారు. ఆ బేరానికి ఒప్పుకొన్న కోడె మళ్లీ ఏ చేనూ చూడదు. చాలా మంది కాపరులు అటువంటి బేరానికి మొగ్గక నష్టానికైనా రైతుకే ఇస్తారు, లేదా వెనక్కు తోలుకుపోతారు. ఏటేటా అలా తోలుకుపోవడం ఎవరి తరమూ కాదు.

పశుసంవర్ధక శాఖ వారు జాతర రోజుల్లో సంతలో ఒక గుడారం వేసి, అక్కడే టీకాలు వేసి, నమోదైన మందల కోడెలకు గుర్తు బిళ్ల వేసి, కొన్న చిన్న రైతుకు జత ఎడ్ల మీద బ్యాంకు అప్పు ఇప్పించే ఏర్పాటు చేస్తే ఈ సంత మరికొన్ని తరాలు నిలుస్తుంది. పాల లెక్క చూసి ఇచ్చే పథకాలలో కాడి పశువుకు చోటు లేదు. కాడి పశువు కొన్నవానికి, మందను చేనులో నిలిపిన వానికి తోడ్పాటు ఇవ్వడం కొత్త భారమేమీ కాదు. ఎరువుల మీద, డీజిల్ మీద పెట్టే దానిలో అది ఏ మూలకూ రాదు.

ప్రభుత్వం చేసేది చేసినా, చేయకపోయినా, ఈ ప్రాంతపు రైతు చేతిలో కూడా ఒక పని వుంది. గుంటుకకో, బండికో, గొర్రుకో ఎడ్లు కొనదలచిన వారు కార్తీక మాసంలో ఒకసారి కురుమూర్తి సంతకు పోయి, తూర్పు కోడెల వరుస పొడుగునా నడిచి రావాలి. నచ్చితే పలుపు పట్టుకోవాలి. నల్లమలలో మరుసటి ఏడు ఏ ఆంబోతును మందలో నిలుపుతారో ఆ పలుపు పట్టిన చెయ్యే తేలుస్తుంది.